ఆంధ్రప్రదేశ్ న్యాయాధికారులు: నియామకం, కొనసాగింపు, పదవీ విరమణ

ఆంధ్రప్రదేశ్‌లో జడ్జీలను ప్రజలు ఎన్నుకోరు. కింది కోర్టుల జడ్జీల విషయంలో రాష్ట్ర ప్రభుత్వం చేసేది చాలావరకు సంతకమే. మున్సిఫ్ కోర్టు నుంచి జిల్లా కోర్టు దాకా ఏ కుర్చీలో ఎవరు కూర్చోవాలి, ఏ ఊళ్లో ఎన్నాళ్లు ఉండాలి, తప్పు చేస్తే ఏం చేయాలి, ఎప్పుడు ఇంటికి పంపాలి అన్నవి హైకోర్టు చేతిలోని పనులు. హైకోర్టు జడ్జీల దారి వేరు. వారిని రాష్ట్రపతి నియమిస్తారు, పేర్లు మాత్రం సుప్రీంకోర్టు కొలీజియం, అంటే అక్కడి సీనియర్ న్యాయమూర్తుల బృందం, తేలుస్తుంది. మొదటి వర్గానికి రాజ్యాంగంలోని 233 నుంచి 237 వరకు ఉన్న అధికరణాలు ఆధారం, రెండో వర్గానికి 217, దాని చుట్టూ ఉన్న అధికరణాలు.

కాగితం మీద గజిబిజిగా కనిపించే ఈ ఏర్పాటు ఒక దావా వెంట నడిస్తే తేటపడుతుంది. శ్రీకాకుళం పట్టణానికి దక్షిణాన జాతీయ రహదారి మీద ఉన్న ఎచ్చెర్ల మండలంలో ఇద్దరు రైతుల మధ్య గట్టు తగాదా వచ్చిందనుకుంటే, దావా శ్రీకాకుళం కోర్టుల్లో పడుతుంది. భూమి విలువను బట్టి అది సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్) దగ్గరో, సీనియర్ సివిల్ జడ్జి దగ్గరో మొదలవుతుంది. అప్పీలు జిల్లా కోర్టుకు పోతుంది, రెండో అప్పీలు అమరావతిలోని హైకోర్టుకు. ఈ మెట్లన్నీ ఎక్కేసరికి ఆ రైతులు చూసే జడ్జీలు ఒక్కొక్కరు ఒక్కో ద్వారం గుండా వచ్చినవారై ఉంటారు. ఒకరు పోటీ పరీక్ష రాసి వచ్చి ఉంటారు, ఒకరు పదోన్నతి మీద, ఒకరు నల్లకోటుతో ఏళ్ల తరబడి వాదించి నేరుగా జిల్లా జడ్జిగా. పైనున్నవారు కొలీజియం సిఫార్సు మీద.

తెలుగులో హైకోర్టు, సుప్రీంకోర్టు జడ్జీలను న్యాయమూర్తులని, జిల్లా కోర్టుల వారిని న్యాయాధికారులని పిలవడం పత్రికల్లోనూ కోర్టు ఉత్తర్వుల్లోనూ స్థిరపడింది. కోర్టు ఆవరణలో మాత్రం అందరూ జడ్జిగారే, క్రిమినల్ కోర్టులో మెజిస్ట్రేటుగారే. పేర్లు మారి ఏళ్లయినా ప్లీడర్లు, గుమాస్తాలు ఇప్పటికీ మున్సిఫ్ కోర్టు, సబ్ కోర్టు అనే అంటారు.

పాత రోజులు

మద్రాసు రాజధానిలో ఈస్టిండియా కంపెనీ 1802 రెగ్యులేషన్లతో జిల్లా అదాలతులు పెట్టింది. వాటిలో జడ్జీలు కంపెనీ సివిల్ సర్వీసు దొరలు. అప్పట్లో చికాకోల్ అని రాసే శ్రీకాకుళం కూడా మద్రాసు సదర్ అదాలతు కాలంలో ఒక జిల్లా కోర్టు కేంద్రమే. 1816లో థామస్ మన్రో చొరవతో వచ్చిన రెగ్యులేషన్లు దేశీయులకు న్యాయపీఠం మీద చోటిచ్చాయి. ఒకటి గ్రామ మునసబుకు చిన్న దావాలు విచారించే అధికారం ఇచ్చింది, ఇంకొకటి జిల్లా మున్సిఫులను ఏర్పరచింది. మునసబు, మున్సిఫ్ రెండూ ఒకే అరబీ మాట తెలుగులో ఎత్తిన రెండు రూపాలు. గ్రామంలో నలిగినది మునసబుగా మారింది, కోర్టు కాగితాల్లో ఉన్నది మున్సిఫ్‌గా మిగిలింది. వాటి గతులు కూడా అలాగే వేరయ్యాయి. గ్రామ మునసబు పదవి వంశపారంపర్యంగా సాగి, కరణం పదవితోపాటు 1984లో రద్దయింది. మున్సిఫ్ పదవి చదువు, పరీక్ష, హైకోర్టు అదుపుల మీదుగా నేటి సివిల్ జడ్జిగా నిలిచింది. కోర్టుల అంతస్తులను స్థిరపరచిన 1873 మద్రాసు సివిల్ కోర్టుల చట్టం స్థానంలో 1972లో ఆంధ్రప్రదేశ్ సొంత చట్టం చేసుకుంది.

ఉత్తరాంధ్ర కొండల్లో కథ ఇలా నడవలేదు. పర్లాకిమిడి, విశాఖ ప్రాంతాల్లో 1830లలో జరిగిన తిరుగుబాట్లను అణచడానికి జార్జి రస్సెల్‌ను పంపిన తరువాత, 1839లో గంజాం, విశాఖపట్నం ఏజెన్సీ చట్టం వచ్చింది. దానితో కొండ ప్రాంతాలు మామూలు కోర్టుల పరిధి నుంచి బయటకు పోయాయి. అక్కడ కలెక్టరే ఏజెంటు, ఆయనే న్యాయాధిపతి. 1924 ఏజెన్సీ నియమాలు ఈ అమరికను ఇంకా వివరంగా రాశాయి. తహసీల్దారు ఏజెన్సీ మున్సిఫ్‌గా, పై రెవెన్యూ అధికారి ఏజెన్సీ డివిజనల్ అధికారిగా దావాలు విన్నారు. సీతంపేట కొండల్లోని సవర గిరిజనుడికి శిస్తు అడిగే మనిషి, తీర్పు చెప్పే మనిషి ఒకరే. కింద మైదానంలో ఉన్న రైతుకు ఈ ఇద్దరూ వేరు. న్యాయాధికారిని ఎవరు ఎంచుకుంటారన్నది ఎందుకు అంత పెద్ద ప్రశ్నో చూపడానికి ఇంతకన్నా దగ్గరి ఉదాహరణ దొరకదు.

మైదానంలోనూ క్రిమినల్ వైపు కలయిక చాలాకాలం సాగింది. రెవెన్యూ అధికారులు మెజిస్ట్రేట్లుగా శిక్షలు వేసేవారు. రాజ్యాంగం 50వ అధికరణంలో న్యాయశాఖను కార్యనిర్వాహక శాఖ నుంచి విడదీయాలని చెప్పింది. 1974 ఏప్రిల్ 1న అమలైన క్రిమినల్ ప్రొసీజర్ కోడ్‌తో జ్యుడీషియల్ మెజిస్ట్రేట్లు దేశమంతటా హైకోర్టుల కిందికి వచ్చారు. శాంతిభద్రతల పనులు మాత్రం తహసీల్దారు, ఆర్‌డీవో లాంటి ఎగ్జిక్యూటివ్ మెజిస్ట్రేట్లకు మిగిలాయి.

మొదటి మెట్టు: సివిల్ జడ్జి

2007 నాటి ఆంధ్రప్రదేశ్ రాష్ట్ర జ్యుడీషియల్ సర్వీసు నియమాల ప్రకారం సర్వీసులో మూడు అంతస్తులు: సివిల్ జడ్జి (జూనియర్ డివిజన్), సీనియర్ సివిల్ జడ్జి, జిల్లా జడ్జి. కింది అంతస్తుకు నియామకం పూర్తిగా పోటీ పరీక్ష మీదే. 234వ అధికరణం పబ్లిక్ సర్వీస్ కమిషన్‌ను, హైకోర్టును సంప్రదించి చేసిన నియమాల మేరకు గవర్నరు నియమించాలంటుంది. ఒకప్పుడు జిల్లా మున్సిఫుల ఎంపిక సర్వీస్ కమిషన్ చేతి మీదుగానే జరిగేది. ఇప్పుడు నోటిఫికేషన్ ఇచ్చేది, పరీక్ష పెట్టేది, ఇంటర్వ్యూ చేసేది, జాబితా రాసేది హైకోర్టే. ప్రభుత్వం ఆ జాబితా మీద ఉత్తర్వు ఇస్తుంది.

పరీక్ష మూడు దశలు. ముందు కంప్యూటరు మీద వడపోత పరీక్ష, తరువాత సివిల్, క్రిమినల్ చట్టాల మీద, ఇంగ్లిష్ మీద రాత పరీక్ష, చివర మౌఖికం. రాత పరీక్షలో తెలుగు, ఇంగ్లిష్‌ల మధ్య అనువాదం ఉంటుంది. అభ్యర్థులు దాన్ని తేలిగ్గా తీసుకుంటారు గానీ ఉద్యోగంలో రోజూ అక్కరకొచ్చేది అదే. సాక్షి తెలుగులో చెబుతాడు, తీర్పు చాలావరకు ఇంగ్లిష్‌లో రాయాలి. తెలుగంటే కూడా ఒకటి కాదు. శ్రీకాకుళంలో గుంట అంటే ఆడపిల్ల, గుంటడు అంటే మగపిల్లాడు. ఆ మాట ఎన్నడూ వినని జిల్లా నుంచి వచ్చిన జడ్జికి మొదటి నెలలో బెంచి క్లర్కే గురువు. ఇచ్ఛాపురం, పాతపట్నం వైపు ఒడియా మాట్లాడేవారు, కొండల్లో సవర మాట్లాడేవారు సాక్షులుగా వస్తే దుబాసి కావాలి.

అర్హతల్లో ఎక్కువ వాదం నడిచింది ప్రాక్టీసు మీద. 1993లో సుప్రీంకోర్టు అఖిల భారత న్యాయాధికారుల సంఘం కేసులో కనీసం 3 ఏళ్లు న్యాయవాదిగా పనిచేసి ఉండాలంది. జస్టిస్ కె.జగన్నాథ శెట్టి కమిషన్ ప్రతిభ గల యువకులు ఆ షరతు వల్ల రావడం లేదని చెప్పడంతో 2002లో దాన్ని తీసేసింది. అప్పటి నుంచి లా డిగ్రీ చేతికి రాగానే పరీక్ష రాసి, పాతికేళ్లకే డయాస్ ఎక్కినవారు ఎందరో ఉన్నారు. 2025 మే 20న అదే సంఘం కేసులో సుప్రీంకోర్టు 3 ఏళ్ల షరతును మళ్లీ పెట్టింది. కోర్టు మెట్లు ఎక్కని పట్టభద్రులు కుర్చీలో కూర్చుంటే ఇబ్బందులు వస్తున్నాయని హైకోర్టులు చెప్పిన అనుభవం దీనికి కారణం. ప్రాక్టీసు చేసినట్టు 10 ఏళ్ల అనుభవమున్న న్యాయవాది ధ్రువీకరిస్తే, ఆ కోర్టు న్యాయాధికారి దాన్ని బలపరచాలి. జడ్జీల దగ్గర లా క్లర్కుగా చేసిన కాలం కూడా లెక్కకు వస్తుంది.

ఎచ్చెర్లలోని డాక్టర్ బి.ఆర్.అంబేద్కర్ విశ్వవిద్యాలయం 1977లో ఆంధ్ర విశ్వవిద్యాలయం పీజీ కేంద్రంగా మొదలై 2008లో సొంత విశ్వవిద్యాలయమైంది. న్యాయశాస్త్రం కూడా చెప్పే ఆ ప్రాంగణం నుంచి బయటికి వచ్చే విద్యార్థికి ఈ మార్పు అర్థం తేలికే. పరీక్షకు ముందు శ్రీకాకుళంలోనో టెక్కలిలోనో ఒక సీనియర్ ప్లీడరుగారి దగ్గర మూడేళ్లు ఫైళ్లు మోయాలి, వాయిదాలు చూడాలి. ఆ మూడేళ్లూ రాబడి నామమాత్రం. కుటుంబంలో మొదటిసారి లా చదివినవారికి, ముఖ్యంగా అమ్మాయిలకు, ఇది అదనపు గోడ. అయినా ప్రాక్టీసు అక్కర్లేదనే వాదనలో బలం తక్కువ. అడ్జర్న్‌మెంటు పిటిషన్‌లో నిజమైన కారణాన్ని, సాకును వేరు చేయడం పుస్తకం నేర్పదు. సరైన మందు షరతు ఎత్తేయడం కాదు, జూనియర్లకు గౌరవ వేతనం ఇవ్వడం.

షెడ్యూల్డ్ కులాలు, తెగలు, వెనుకబడిన తరగతులు, మహిళలకు సర్వీసులో రిజర్వేషన్లు అమల్లో ఉన్నాయి. ఎంపికైనవారు జ్యుడీషియల్ అకాడమీలో శిక్షణ పొంది, ప్రొబేషన్ మీద మొదటి కోర్టుకు వెళతారు. జస్టిస్ పి.వెంకటరామరెడ్డి అధ్యక్షతన పనిచేసిన రెండో జాతీయ న్యాయ వేతన కమిషన్ సిఫార్సుల మేరకు సివిల్ జడ్జి మూలవేతనం రూ.77,840తో మొదలవుతుంది, జిల్లా జడ్జిది రూ.1,44,840తో.

జిల్లా జడ్జి పదవికి మూడు దారులు

జిల్లా జడ్జి అంటే జిల్లాకు ఒక్కరే కాదు. అదనపు జిల్లా జడ్జీలు, కుటుంబ కోర్టు, పోక్సో కోర్టు లాంటి ప్రత్యేక కోర్టుల జడ్జీలు కూడా ఆ అంతస్తువారే. ఖాళీలు మూడు వాటాలుగా నిండుతాయి. సీనియర్ సివిల్ జడ్జీలకు ప్రతిభ, సీనియారిటీ చూసి ఇచ్చే మామూలు పదోన్నతి ఒకటి. వారిలోనే చురుకైనవారికి పరిమిత పోటీ పరీక్ష రెండోది. న్యాయవాదుల నుంచి నేరుగా తీసుకునేది మూడోది. 2002లో సుప్రీంకోర్టు వీటిని 50, 25, 25 శాతాలుగా నిర్ణయించింది. పరిమిత పరీక్షకు తగినంత మంది నెగ్గడం లేదని 2010లో ఆ వాటాను 10కి తగ్గించి, మామూలు పదోన్నతిని 65కు పెంచింది. 2025 మే తీర్పు మళ్లీ 50, 25, 25కే తెచ్చింది. అదే ఏడాది నవంబరులో మరో తీర్పు సీనియారిటీ జాబితాకు దేశమంతటా ఒకే 4 స్థానాల రోస్టరు చెప్పింది. ఇద్దరు మామూలు పదోన్నతివారు, తరువాత పరీక్ష నెగ్గినవారొకరు, నేరుగా వచ్చినవారొకరు.

ఈ లెక్కలు పొడిపొడిగా అనిపించినా వీటి వెనక జీవితాలున్నాయి. న్యాయవాది 35 ఏళ్లు నిండాక నేరుగా జిల్లా జడ్జి అవుతాడు. మున్సిఫ్‌గా చేరినవారు అదే మెట్టుకు చేరేసరికి నలభైలు దాటిపోతాయి. జాబితాలో ఎవరు ముందుంటే వారికే హైకోర్టు తలుపు దగ్గర. అందుకే నేరుగా వచ్చినవారికీ, పదోన్నతివారికీ మధ్య సీనియారిటీ వ్యాజ్యాలు తరాలుగా సాగుతున్నాయి. తీర్పులిచ్చేవారే తమ కోసం వాయిదాలకు తిరగడం ఈ సర్వీసులో వింత కాదు.

233వ అధికరణం రెండో ఖండం నేరుగా వచ్చేవారికి 7 ఏళ్ల న్యాయవాద అనుభవం ఉండాలంటుంది. ఆ మాటల అర్థం తేల్చడంలో తెలుగువారి చేయి పెద్దది. 1966 ఆగస్టులో చంద్రమోహన్ కేసులో ఉత్తరప్రదేశ్ ప్రభుత్వం కార్యనిర్వాహక అధికారులను జిల్లా జడ్జీలుగా తీసుకోవడం చెల్లదని సుప్రీంకోర్టు కొట్టేసింది. సర్వీసు అంటే న్యాయ సర్వీసే అని తేల్చిన ఆ తీర్పు ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావుది. రాజమండ్రి ప్రాంతం నుంచి వచ్చిన ఆయన తొలినాళ్లలో బాపట్లలో కొద్దికాలం జిల్లా మున్సిఫ్‌గా పనిచేసి, తిరిగి ప్రాక్టీసుకు వెళ్లినవారు. కింది మెట్టు ఎలా ఉంటుందో ఆయనకు చెప్పనక్కర్లేదు. అప్పటికే ఆ పద్ధతిలో నియమితులైనవారి తీర్పులు గాలిలో వేలాడకుండా అదే ఏడాది 20వ సవరణతో 233ఎ అధికరణం చేర్చారు.

సర్వీసులో ఉన్న మున్సిఫ్ తన పాత ప్రాక్టీసు లెక్క చూపి నేరుగా జిల్లా జడ్జి పోస్టుకు దరఖాస్తు చేయవచ్చా అన్న ప్రశ్నకు 2020లో సుప్రీంకోర్టు కుదరదంది. 2025 అక్టోబరు 9న అయిదుగురు న్యాయమూర్తుల ధర్మాసనం ఆ మాట తిప్పేసింది. న్యాయవాదిగా, న్యాయాధికారిగా కలిపి 7 ఏళ్ల అనుభవం ఉంటే చాలు, వయసు 35 నిండాలి. మున్సిఫ్‌గా చేరడం ఇక ఒక ద్వారాన్ని మూసుకోవడం కాదన్నమాట.

ఈ వరుసలో ఇమడని వర్గం ఒకటి ఉంది. 11వ ఆర్థిక సంఘం నిధులతో 2000 తరువాత దేశమంతటా ఫాస్ట్‌ట్రాక్ కోర్టులు పెట్టినప్పుడు న్యాయవాదులను తాత్కాలిక జిల్లా జడ్జీలుగా తీసుకున్నారు. 2011లో కేంద్ర నిధులు ఆగాయి. తరువాత పరీక్ష రాసి రెగ్యులర్ సర్వీసులో చేరిన కొందరు ఆంధ్రప్రదేశ్ న్యాయాధికారులు మొదట తాత్కాలికంగా చేరిన నాటి నుంచి సీనియారిటీ కావాలన్నారు. సుప్రీంకోర్టు 2019లో ఒప్పుకోలేదు. చేసిన పని ఒకటే అయినా వచ్చిన ద్వారం వేరని దాని సారం.

హైకోర్టు

తెలుగువారి హైకోర్టు మూడు ఊళ్లు మారింది. ఆంధ్ర రాష్ట్రానికి 1954 జులై 5న గుంటూరులో మొదలైంది, మొదటి ప్రధాన న్యాయమూర్తి కోకా సుబ్బారావే. 1956లో హైదరాబాదు చేరింది. 2019 జనవరి 1న విడిపోయి ఆంధ్రప్రదేశ్ హైకోర్టు అమరావతికి వచ్చింది. మంజూరైన సంఖ్య 37.

రాజ్యాంగం కోరే అర్హత 10 ఏళ్ల న్యాయపదవి లేదా హైకోర్టులో 10 ఏళ్ల న్యాయవాద వృత్తి. ఆనవాయితీ ప్రకారం మూడింట రెండు వంతులు న్యాయవాదుల నుంచి, ఒక వంతు జిల్లా జడ్జీల నుంచి. పేర్లు మొదట రాసేది హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, ఇద్దరు సీనియర్ న్యాయమూర్తులు. అవి రాష్ట్ర ప్రభుత్వం, కేంద్ర న్యాయశాఖల మీదుగా, నిఘా విభాగం నివేదికతో సుప్రీంకోర్టు కొలీజియం ముందుకు వెళతాయి. అది సరేనన్న పేర్లకు రాష్ట్రపతి వారంటు ఇస్తారు. ఈ పద్ధతి రాజ్యాంగంలో అక్షరాలా లేదు. సంప్రదింపు అన్న మాటకు 1993, 1998 తీర్పులు ఇచ్చిన అర్థం నుంచి పుట్టింది. దాన్ని మార్చడానికి 99వ సవరణతో వచ్చిన జాతీయ న్యాయ నియామకాల కమిషన్‌ను 2015 అక్టోబరు 16న సుప్రీంకోర్టు 4-1 మెజారిటీతో కొట్టేసింది. ఆ ఒక్కరు కృష్ణా జిల్లాకు చెందిన జస్టిస్ జాస్తి చలమేశ్వర్. కొలీజియం గుట్టుగా నడుస్తోందన్న ఆయన అసమ్మతి తీర్పు వాదన ఇప్పటికీ పాతబడలేదు.

కొలీజియానికి ముందు దారులు ఇంకా విశాలంగా ఉండేవి. ఎస్సీ, ఎస్టీలపై అత్యాచారాల మీద కమిషన్‌తో తెలుగు పాఠకులకు తెలిసిన జస్టిస్ కె.పున్నయ్య శ్రీకాకుళం ప్రాంతం వారు. శాసనసభలో కూర్చుని, తరువాత న్యాయపీఠానికి వచ్చి, ఆంధ్రప్రదేశ్ హైకోర్టు న్యాయమూర్తిగా పనిచేశారు. రాజకీయాల నుంచి వచ్చిన మనిషిని ఇవాళ కొలీజియం ఫైలు అంత సులువుగా దాటనీయదు.

కొనసాగింపు, అదుపు, తొలగింపు

కింది కోర్టుల మీద హైకోర్టు పట్టుకు మూలం 235వ అధికరణంలోని అదుపు అన్న ఒక్క మాట. బదిలీలు, సెలవులు, పదోన్నతులు, క్రమశిక్షణ అన్నీ దానిలో ఇమిడిపోయాయి. ఒక్కో జిల్లాకు హైకోర్టు న్యాయమూర్తి ఒకరు అడ్మినిస్ట్రేటివ్ జడ్జిగా ఉంటారు. కోర్టులు తనిఖీ చేస్తారు, ఏటా రహస్య నివేదికలు చూస్తారు. ఎన్ని కేసులు తేల్చారు అన్నదానికి యూనిట్ల లెక్క ఉంటుంది. దాదాపు మూడేళ్లకోసారి బదిలీ, సొంత జిల్లాలో పోస్టింగు ఇవ్వకపోవడం రివాజు. బంధుత్వాలు తీర్పులోకి దూరకుండా ఇది కాపాడుతుంది. పొందూరు నుంచి మదనపల్లెకు, అక్కడి నుంచి నరసాపురానికి పిల్లల బడి సంచులతో తిరగడం దీనికి మూల్యం.

ఈ అదుపు ఎంత దూరం పోతుందో తేల్చిన కేసు ఆంధ్రప్రదేశ్‌దే. 371డి అధికరణం కింద వచ్చిన పరిపాలనా ట్రిబ్యునల్ ప్రభుత్వ ఉద్యోగుల వివాదాలు వినేది. ముందస్తుగా పదవీ విరమణ చేయించిన ఒక సబ్ జడ్జి, ఒక హైకోర్టు ఉద్యోగి ట్రిబ్యునల్‌కు వెళ్లారు. 1978లో సుప్రీంకోర్టు ఎల్.వి.ఎ.దీక్షితులు కేసులో న్యాయాధికారులు, హైకోర్టు సిబ్బంది ట్రిబ్యునల్ పరిధిలోకి రారని, నిర్బంధ విరమణ కూడా హైకోర్టు అదుపులోని భాగమేనని చెప్పింది. ఉత్తర్వు మీద గవర్నరు సంతకం ఉన్నా సిఫార్సు హైకోర్టుది, ఆ సిఫార్సు ప్రభుత్వాన్ని కట్టేస్తుంది.

అదుపు గట్టిగా బిగిసిన సందర్భం 2016లో వచ్చింది. హైకోర్టు ఇంకా ఉమ్మడిగా ఉన్న రోజులు. న్యాయాధికారుల తాత్కాలిక కేటాయింపులో ఆంధ్రా ప్రాంతం వారిని తెలంగాణకు ఇచ్చారని తెలంగాణ న్యాయాధికారులు రోడ్డెక్కారు. జూన్ చివరలో హైకోర్టు 11 మందిని సస్పెండ్ చేసింది, దాదాపు 200 మంది మూకుమ్మడి సెలవు పెట్టారు. తరువాత సస్పెన్షన్లు ఎత్తేశారు. అవినీతి ఆరోపణ వచ్చినా మొదటి అడుగు సస్పెన్షనే. 2012లో బెయిలుకు డబ్బు ఆరోపణల మీద హైదరాబాదులో ఒక సీబీఐ ప్రత్యేక కోర్టు న్యాయాధికారిని హైకోర్టే సస్పెండ్ చేసింది.

హైకోర్టు న్యాయమూర్తిని తీసేయడం ఇందుకు పూర్తిగా భిన్నం. లోక్‌సభలో 100 మంది లేదా రాజ్యసభలో 50 మంది సంతకాలతో తీర్మానం రావాలి, 1968 చట్టం కింద విచారణ జరగాలి, ఉభయ సభల్లో ప్రత్యేక మెజారిటీ కావాలి. ఆచరణలో రాజీనామాలు, బదిలీలే తప్ప ఈ దారి చివరిదాకా నడిచింది లేదు. కింది జడ్జికి ఉద్యోగ భయం ఎక్కువ, పై జడ్జికి దాదాపు లేదు. ఈ తేడా సమంజసమేనా అన్నది వేరే చర్చ, తేడా మాత్రం నిజం.

అమెరికా రాష్ట్రాల్లో పద్ధతి తలకిందులుగా ఉంటుంది. చాలా రాష్ట్రాల్లో జడ్జీలు ఎన్నికల్లో గెలవాలి. టెక్సస్‌లో పార్టీ గుర్తుతోనే పోటీ. 1940లో మిస్సోరి మొదలుపెట్టిన పద్ధతిలో కమిషన్ ఇచ్చిన పేర్ల నుంచి గవర్నరు నియమిస్తారు, కొంతకాలం తరువాత ఈ జడ్జి కొనసాగాలా వద్దా అని ఓటర్లను అడుగుతారు. విజయవాడలో పుట్టిన జయ బాడిగను 2024 మేలో కాలిఫోర్నియా గవర్నరు శాక్రమెంటో కౌంటీ సుపీరియర్ కోర్టు జడ్జిగా నియమించారు. అక్కడ ఆ స్థాయి జడ్జి ఆరేళ్లకోసారి ఓటర్ల ముందుకు వెళ్లాల్సిందే, పోటీ లేకపోతే పేరు బ్యాలెట్ మీదికి రాదు. శ్రీకాకుళం జిల్లా జడ్జికి ఓటరు భయం లేదు, ఉన్నదల్లా రహస్య నివేదిక భయం.

విరమణ

కింది కోర్టుల న్యాయాధికారులు 60 ఏళ్లకు, ఆ నెల చివరి రోజున దిగిపోతారు. 58 నుంచి 60కి పెంచింది 1991 నాటి సుప్రీంకోర్టు తీర్పు. 1993లో పునఃపరిశీలనలో ఆ రెండేళ్లు అందరికీ కాదని, 58 దగ్గర హైకోర్టు పనితీరు, నిజాయితీ చూసి పొడిగించాలని చేర్చారు. రాష్ట్ర ప్రభుత్వ ఉద్యోగుల వయసు ఈలోగా రాజకీయాల వెంట నడిచింది. 1983లో ఎన్.టి.రామారావు ప్రభుత్వం 58 నుంచి 55కి దించింది, 1984లో మళ్లీ 58 అయింది. దించడం చెల్లుతుందని 1985లో కె.నాగరాజ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. 2014లో 60, 2022 జనవరి నుంచి 62. ఫలితంగా ఇప్పుడు ప్రభుత్వ ఉద్యోగి 62 దాకా ఉంటే జిల్లా జడ్జి రెండేళ్లు ముందే ఇంటికి వెళుతున్నారు. తమకూ 62 కావాలన్న పిటిషన్‌ను 2022లో హైకోర్టు తోసిపుచ్చింది. తెలంగాణలో సుప్రీంకోర్టు అనుమతితో 61 చేశారు.

హైకోర్టు న్యాయమూర్తికి 62. మొదట 60 ఉండగా 1963లో 15వ సవరణ పెంచింది. ఇక్కడ నెలాఖరు లెక్క లేదు, పుట్టినరోజుకు ముందురోజే చివరి రోజు. జిల్లా కోర్టు నుంచి యాభై ఏడో యాభై ఎనిమిదో దాటాక హైకోర్టుకు చేరినవారికి మిగిలేది నాలుగైదేళ్లే, ప్రధాన న్యాయమూర్తి కావడం అరుదు. విరమించిన హైకోర్టు న్యాయమూర్తి తాను పనిచేసిన హైకోర్టులో గాని, కింది కోర్టుల్లో గాని వాదించకూడదు. 224ఎ అధికరణం కింద తాత్కాలికంగా తిరిగి పిలిచే వీలుంది గానీ దాన్ని వాడింది తక్కువ. విరమించిన జిల్లా జడ్జీలు జిల్లా వినియోగదారుల కమిషన్లలో, శాశ్వత లోక్‌అదాలతుల్లో కనిపిస్తారు.

ఒకరు దిగిపోయాక ఇంకొకరు వచ్చేదాకా ఆ కోర్టు ఇన్‌ఛార్జి చేతిలో ఉంటుంది. ఇన్‌ఛార్జికి తన కోర్టు తనకుంటుంది కాబట్టి అత్యవసరమైనవి తప్ప మిగతావాటికి వాయిదానే. ఖాళీలు ఏటా ఒక తేదీల పట్టిక ప్రకారం నింపాలని 2007లో సుప్రీంకోర్టు మాలిక్ మజర్ సుల్తాన్ కేసులో ఆదేశించింది. పట్టిక ఉంది, ఆలస్యమూ ఉంది.

కొత్త జడ్జి వచ్చినప్పుడు విచారణ మొదటికి రాదు. సివిల్ దావాల్లో ముందటివారు నమోదు చేసిన సాక్ష్యం మీదనే తరువాతివారు కొనసాగించవచ్చు. క్రిమినల్ కేసుల్లోనూ అంతే, సంక్షిప్త విచారణలు మాత్రం మళ్లీ మొదలుపెట్టాలి. తీర్పు రాసి, చదవకముందే ఒక జడ్జి బదిలీ అయినా విరమించినా, సివిల్ ప్రొసీజర్ కోడ్ 20వ ఆర్డరు రెండో రూలు ప్రకారం ఆ కుర్చీలోకి వచ్చినవారు దాన్ని చదివి వినిపించాలి.